సంస్థను మార్చాలా, నడిపే తీరు మార్చాలా: సొసైటీ, ట్రస్టు, సెక్షన్ 8 కంపెనీలో ఏది ఎవరికి?

మా సేవాసంస్థ అధ్యక్షుడు, మేమంతా సార్ అని పిలిచే ఆయనకి గుండెనొప్పి వచ్చి హైదరాబాద్‌లో ఐసీయూలో ఉన్న రోజున నా టేబుల్ మీద మూడు చెక్కులు ఉన్నాయి. ఒకటి పద్నాలుగు మంది టీచర్ల జీతాలది, ఒకటి కాలేజీ పిల్లల ఫీజులది, ఒకటి ఆఫీసు అద్దెది. మూడింటి మీదా కోశాధికారి గారి సంతకం ఉంది. పక్కన సార్ పెట్టాల్సిన చోటు ఖాళీ. మా బైలాస్ (సంస్థ నియమావళి) ప్రకారం అధ్యక్షుడు, కోశాధికారి ఇద్దరూ సంతకం పెడితేనే చెక్కు చెల్లుతుంది. బ్యాంకు మేనేజర్ మంచాయనే. "కొత్త కార్యవర్గం తీర్మానం, రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి సర్టిఫైడ్ జాబితా పట్టుకురండమ్మా, వెంటనే సంతకాలు మార్చేస్తాను" అన్నారు. కార్యవర్గం జాబితా ఏటా దాఖలు చేయాలి. మేం నాలుగేళ్లుగా చేయలేదు.

ఆ నెల జీతాలు పంతొమ్మిది రోజులు ఆలస్యమయ్యాయి. ఫీజులు కోశాధికారి గారు తన జేబులోంచి కట్టారు. ఒక టీచరమ్మ మాత్రం ఫోన్ చేసి, "మేడమ్, ఇంటాయనకి ఏం చెప్పాలో తెలియట్లేదు" అంది. పదకొండేళ్లుగా ఆ సంస్థ లెక్కలు చూస్తున్నదాన్ని. ఆమెకి నేనూ ఏమీ చెప్పలేకపోయాను.

సార్ కోలుకున్నాక ఆరు నెలలు మా కమిటీలో ఒకటే చర్చ. ఒకరు సొసైటీ వదిలేసి సెక్షన్ 8 కంపెనీ పెడదామంటారు. ఇంకొకరు ట్రస్టు చేసేస్తే ఎన్నికల గొడవే ఉండదంటారు. ఇప్పుడు వేరే సంస్థలవాళ్లు కూడా ఇదే ప్రశ్నతో నాకు ఫోన్ చేస్తుంటారు. వాళ్లకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నేను చూసిన చిన్న సంస్థల్లో చాలావాటికి రిజిస్ట్రేషన్ మార్చాల్సిన పనే లేదు. చెక్ పవర్ ఎవరిది, ఏ నిర్ణయం ఎవరు తీసుకోవాలి, వాళ్లు లేనప్పుడు ఎవరు తీసుకోవాలి అనేది రాతలో లేకపోవడమే అసలు జబ్బు. ఆ జబ్బుతోనే కొత్త సంస్థ పెట్టుకుంటే రెండేళ్లలో మళ్లీ ఇదే చర్చ వస్తుంది.

ముందు ఒక తెల్లకాగితం

లాయరు దగ్గరికో ఆడిటరు దగ్గరికో వెళ్లకముందే ఒక పని చేయండి. పోయిన ఏడాదిలో సంస్థ తీసుకున్న ఇరవై నిర్ణయాలు గుర్తు చేసుకుని రాయండి. కొత్త టీచర్ని తీసుకోవడం, ఒక సెంటర్ మూసేయడం, దాత పెట్టిన షరతుకి ఒప్పుకోవడం, కంప్యూటర్ కొనడం, ఏదైనా సరే. ఒక్కోదాని పక్కన మూడు సంగతులు రాయండి: ఎవరు నిర్ణయించారు, నిజానికి ఎవరు నిర్ణయించాల్సింది, ఎన్ని రోజులు పట్టింది.

మా కాగితం మీద ఇరవైలో పదిహేడింటి పక్కన ఒకటే పేరు పడింది. అందులో ఒకటి ఫ్యాను. ఏప్రిల్ ఎండల్లో ఒక ఊళ్లో ట్యూషన్ సెంటర్ ఫ్యాను కాలిపోయింది. రిపేరుకి 650 రూపాయలు. టీచరమ్మ సూపర్‌వైజర్‌కి చెప్పింది, సూపర్‌వైజర్ ఆఫీసుకి రాసిచ్చాడు, ఆఫీసులో సార్ సంతకం కోసం ఫైలు ఆగింది. సార్ అప్పుడు ఢిల్లీ మీటింగ్‌లో ఉన్నారు. 23 రోజులు పిల్లలు చెట్టుకింద చదువుకున్నారు. సార్‌ని తప్పు పట్టడానికి చెప్పట్లేదు. ఆయనకి ఆ ఫ్యాను సంగతే తెలియదు, తెలిస్తే ఆ రోజే సొంత డబ్బు ఇచ్చేవారు. అంత మంచి మనిషి ఉన్న చోట కూడా పని ఆగిందంటే లోపం మనిషిలో లేదని మాకప్పుడు అర్థమైంది.

కాగితం రాశాక మీ సమస్య రెండు రకాల్లో దేనికి చెందుతుందో తేలుతుంది. ఆస్తి ఎవరి పేరున ఉండాలి, సభ్యులు ఎవరు, చట్టప్రకారం జవాబుదారీ ఎవరిది అనే చోట చిక్కు ఉంటే అది రూపం సమస్య. పనులు ఆగడం, ఒక్కరి మీదే భారం, సిబ్బంది వెళ్లిపోవడం, లెక్కలు ఆలస్యం కావడం అయితే నడిపే తీరు సమస్య.

మూడు రూపాలు, వాటి స్వభావం

సొసైటీ అంటే సభ్యుల సంస్థ. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టమే నడుస్తోంది. కనీసం ఏడుగురు ఉండాలి, సర్వసభ్య సమావేశం పెట్టాలి, ఏటా కార్యవర్గం జాబితా ఇవ్వాలి. దీని బలం, బలహీనత రెండూ సభ్యులే. పూర్వ విద్యార్థుల సంఘానికి, ఊరి అభివృద్ధి కమిటీకి, కాలనీ సంక్షేమానికి ఇంతకంటే సరిపోయేది లేదు, ఎందుకంటే అక్కడ అడిగే హక్కు అందరికీ ఉండాలి. కానీ ఎన్నికలకి రెండు నెలల ముందు ఒక వర్గం ఎనభై మందిని కొత్తగా సభ్యులుగా చేర్పించి, సంస్థనే ఎత్తుకుపోవడం మన దగ్గర కొత్త కాదు. రెండు వర్గాలు రెండు కార్యవర్గాల జాబితాలు ఇస్తే ఎవరిది అసలో తేల్చడం రిజిస్ట్రార్ పని కాదు. చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం ఆర్బిట్రేషన్‌కో (మధ్యవర్తి తీర్పుకో) జిల్లా కోర్టుకో వెళ్లాలి. ఆ వాయిదాలు తిరిగేలోపు సంస్థ చేతికి రాకుండా పోతుంది. దీనికి మందు బైలాస్‌లోనే ఉంది. ఓటు వేయాలంటే సభ్యత్వం తీసుకుని కనీసం ఏడాది దాటాలని రాసుకోండి. కొత్త సభ్యత్వాలకి కార్యవర్గం ఆమోదం ఉండాలని, ఆ ఆమోదం ఏ కారణంతో నిరాకరించవచ్చో కూడా రాసుకోండి.

ట్రస్టు స్వభావం వేరు. ఒకరు ఆస్తి ఇస్తారు, దాన్ని ఏ పనికి వాడాలో డీడ్‌లో, అంటే ట్రస్టు పత్రంలో రాస్తారు, ట్రస్టీలు ఆ మాట నిలబెట్టాలి. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో డీడ్ రిజిస్టర్ చేయిస్తే సంస్థ పుట్టినట్టే. తాతగారు రెండెకరాలు పిల్లల హాస్టల్‌కి ఇచ్చారు, ఆ భూమి ఎప్పటికీ ఆ పనికే ఉండాలి అనుకునే కుటుంబానికి ట్రస్టే మేలు. స్థిరత్వం దీని గుణం. అనంతపురంలో 1969లో విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఆయన 2009లో పోయాక కూడా పని కొనసాగించింది.

చిక్కల్లా డీడ్ మార్చడం దగ్గరే. సవరణ ఎలా చేయాలో మొదట్లోనే రాసుకోకపోతే తర్వాత కోర్టు గడప తొక్కాల్సి రావచ్చు. ఇంకో సంగతి నేను చాలా డీడ్‌లలో చూశాను. ట్రస్టీలు "జీవితకాలం" ఉంటారని, తర్వాత "వారి వారసులు" అని ఉంటుంది. తండ్రికి సేవ మీద ఉన్న ప్రేమ కొడుక్కి ఉండాలని లేదు, ఉంటే అదృష్టం. బయటి మనిషి ఒక్కరు కూడా లేని ట్రస్టులో తప్పు జరిగితే అడిగేవాళ్లుండరు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద సంబంధం ఉన్న ఇద్దరు కోర్టు అనుమతితో దావా వేయొచ్చు గానీ, పల్లెలో హాస్టల్ పిల్లల తల్లిదండ్రులు అంతదూరం ఎక్కడ వెళ్తారు? మహారాష్ట్రలో ఉన్నట్టు చారిటీ కమిషనర్ ఆఫీసు మనకి లేదు. మన దగ్గర 1987 నాటి ఎండోమెంట్స్ చట్టం హిందూ మత సంస్థలతో పాటు దానధర్మాల సంస్థలనీ ప్రస్తావిస్తుంది కాబట్టి, భూములున్న ట్రస్టులు ఆ కోణం లాయరుతో ఒకసారి చూపించుకోవడం మంచిది.

సెక్షన్ 8 కంపెనీ 2013 కంపెనీల చట్టం కిందది. పాత చట్టంలో సెక్షన్ 25 అనేవారు. ఇద్దరు సభ్యులు, ఇద్దరు డైరెక్టర్లతో ప్రైవేటు కంపెనీగా మొదలుపెట్టొచ్చు. డైరెక్టర్లలో ఒక్కరైనా ఏడాదిలో 182 రోజులు ఇండియాలో ఉన్నవాళ్లై ఉండాలి. లాభం పంచుకోకూడదు. లెక్కలు, డైరెక్టర్ల పేర్లు అన్నీ కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర ఉంటాయి, ఎవరైనా ఫీజు కట్టి చూసుకోవచ్చు. అందుకే కార్పొరేట్ కంపెనీల సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత నిధులు చూసే) విభాగాలకి ఈ రూపం మీద నమ్మకం ఎక్కువ.

ఆ నమ్మకానికి వెల ఉంది. ప్రతి ఏడాదీ ఆడిట్, ఏఓసీ-4 (లెక్కలది), ఎంజీటీ-7 (వార్షిక రిటర్నుది) ఫారాలు వేయాలి. గడువు దాటితే ఒక్కో ఫారానికి రోజుకి 100 రూపాయలు. ఆరు నెలలు మర్చిపోతే రెండు ఫారాలకీ కలిపి 36,000 దాటుతుంది. ఒక చిన్న సెంటర్లో టీచర్ జీతం ఎన్ని నెలలది అది! వరసగా మూడేళ్లు వేయకపోతే డైరెక్టర్లు ఐదేళ్లపాటు అనర్హులవుతారు. 2017లో దేశం మొత్తం మీద మూడు లక్షల మందికి పైగా డైరెక్టర్లు ఇలాగే అనర్హులయ్యారు. కాబట్టి ఫారాలు వేసే మనిషికి జీతం ఇవ్వగల స్థోమత ఉంటేనే ఇటు రండి. ఏడాదికి ఆరేడు లక్షల ఖర్చుతో నడిచే సంస్థకి ఇది బరువని నా గట్టి అభిప్రాయం.

నాలుగోది ఒకటుంది, దాన్ని వీటితో కలిపేసి చాలామంది పొరపాటు పడతారు. పరస్పర సహాయక సహకార సంఘం, వాడుకలో మ్యాక్స్. 1995లో మన రాష్ట్రమే దేశంలో మొదట ఈ చట్టం తెచ్చింది. పొదుపు, పాలు, విత్తనాలు, అమ్మకాలు లాంటి వాటిలో సభ్యులే పెట్టుబడి పెట్టి సభ్యులే లాభపడే పనికి ఇది సరైనది. దానం మీద నడిచే పనికి పనికిరాదు, 80జీ (దాతలకి పన్ను రాయితీ) రాదు.

దీన్ని అందంగా వాడుకున్న ఉదాహరణ చెన్నేకొత్తపల్లి దగ్గర ఉంది, అప్పుడు అనంతపురం, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. టింబక్టు కలెక్టివ్ 1990లో 32 ఎకరాల బీడు భూమితో మొదలైంది. మహిళల పొదుపు పెరిగాక దాన్ని సంస్థ ఖాతాలోనే ఉంచుకోకుండా వాళ్లవే సహకార సంఘాలు పెట్టించారు, అవన్నీ కలిసి మహాశక్తి సమాఖ్య అయింది. రైతుల సేంద్రియ పంట కొని అమ్మడానికి 2008లో ధరణి అనే సహకార సంఘం వచ్చింది. దాతల డబ్బుతో నడిచే పని ఒక చోట, సభ్యుల డబ్బుతో నడిచే పని వేరే చోట. మీ సంస్థలో పొదుపు సంఘాల డబ్బూ దాతల డబ్బూ ఒకే బ్యాంకు ఖాతాలో తిరుగుతుంటే, మిగతా మార్పులన్నీ పక్కన పెట్టి ముందు దీన్ని విడదీయండి. అది ఆ ఆడవాళ్ల డబ్బు.

రూపం మారిస్తే చేజారేవి

కొత్త సంస్థ పెట్టి పాతదాని పనంతా అందులోకి మార్చేద్దాం అనేవాళ్లు ఈ భాగం నెమ్మదిగా చదవండి.

మొదట పోయేది సంస్థ వయసు. సీఎస్‌ఆర్ డబ్బు కోసం సీఎస్‌ఆర్-1 నమోదు 2021 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి అయింది. అలాంటి పనిలో మూడేళ్ల అనుభవం చూపాలి. విదేశీ నిధుల రిజిస్ట్రేషన్, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ, కావాలంటే మూడేళ్లు పూర్తవ్వాలి, ఆ మూడేళ్లలో అసలు పని మీద కనీసం 15 లక్షలు ఖర్చు చూపాలి. కొత్త పేరుతో పెట్టుకుంటే ఈ లెక్కలన్నీ మళ్లీ సున్నా నుంచి మొదలవుతాయి.

రెండోది పన్ను. 12ఏబీ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ మళ్లీ తెచ్చుకోవాలి. (2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలుతో సెక్షన్ల నంబర్లు మారుతాయి, అయినా అందరం పాత పేర్లే వాడతాం కాబట్టి అలాగే రాస్తున్నాను.) పాత సంస్థ మూసేసినప్పుడు దాని ఆస్తులు అదే రకం పన్ను రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకి గడువులోపు వెళ్లకపోతే, మార్కెట్ విలువ లెక్కగట్టి అత్యధిక రేటులో పన్ను వేస్తారు. పాత చట్టంలో ఇది 115టీడీ. ఊళ్లో నాలుగు సెంట్ల స్థలం విలువ ఇప్పుడెంతో మీకే తెలుసు.

ఉన్న సంస్థలోనే ఆశయాల పేరా మార్చినా 30 రోజుల్లోపు ఆదాయపు పన్ను శాఖకి దరఖాస్తు చేయాలి. ఇది చాలామందికి తెలియక దెబ్బతింటున్నారు. నడిపే పద్ధతి, పదవీకాలం, చెక్ పవర్ లాంటివి మార్చేటప్పుడు ఆశయాల జోలికి పోకపోతే ఈ చిక్కు రాదు. అందుకే బైలాస్ సవరించేటప్పుడు "పనిలో పనిగా ఆశయాలు కూడా కొంచెం పెంచుదాం" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

నడిపే తీరు: ముగ్గురిలో ఎవరు?

రూపం కంటే నాకు ఇదే ముఖ్యం.

వ్యవస్థాపకులే అన్నీ చూసుకునే పద్ధతి మొదటి ఐదారేళ్లకి చాలా బాగుంటుంది. వేగం ఉంటుంది, ప్రేమ ఉంటుంది, దాతలు ఆ మొహం చూసే ఇస్తారు. వయసు అరవై దాటాక, సెంటర్లు పది దాటాక అదే పద్ధతి సంస్థకి ఉరి అవుతుంది. తప్పుకోమంటే నొచ్చుకుంటారని ఎవరూ నోరెత్తరు. నోరెత్తకపోవడం వల్ల చివరికి నష్టపోయేది ఆయన ప్రాణం పెట్టిన పనే. ఇంకొక్క మాట. వ్యవస్థాపకులు, వాళ్ల బంధువులు జీతం తీసుకోవడం తప్పు కాదు, కానీ చేసే పనికి తగినంతే ఉండాలి, తీర్మానంలో రాసి ఉండాలి. ఎక్కువైతే పన్ను మినహాయింపుకే ముప్పు.

కార్యవర్గం నడిపే పద్ధతిలో అధికారం పంచినట్టే ఉంటుంది. అందరూ ఉద్యోగాలు చేసుకుంటూ ఆదివారం కూర్చునేవాళ్లయితే మాత్రం నిర్ణయం తీర్మానంలో ఉంటుంది, పని ఎవరి చేతిలోనూ ఉండదు. "అన్నా, అది నువ్వు చూస్తానన్నావ్ కదా" అనే మాట నేను ఎన్ని మీటింగుల్లో విన్నానో! ఏడాదికి రెండు రక్తదాన శిబిరాలు, ఒక స్కాలర్‌షిప్ సభ జరిపే సంఘానికి ఈ పద్ధతి హాయిగా సరిపోతుంది. రోజూ తలుపు తెరవాల్సిన హాస్టల్‌కి, క్లినిక్‌కి సరిపోదు.

మూడోది, కార్యవర్గం విధానం చూస్తుంది, జీతం తీసుకునే డైరెక్టర్ రోజువారీ పని చూస్తారు. సిబ్బంది పదిమంది దాటాక నేను దీనికే ఓటేస్తాను. పదిమంది ఉన్నారంటే లైంగిక వేధింపుల ఫిర్యాదుల కోసం అంతర్గత కమిటీ ఉండాలి, ఇరవై మంది ఉంటే పీఎఫ్ ఉండాలి. ఇవి ఆదివారం సభ్యులు చూసుకోగల పనులు కావు.

కానీ డైరెక్టర్ని పెట్టుకున్న చాలాచోట్ల ఒకటే గొడవ. పేరుకి డైరెక్టర్, సెలవు చీటీ మీద సంతకం అధ్యక్షులది. సిబ్బంది డైరెక్టర్ని దాటి అధ్యక్షులకి ఫోన్ చేస్తారు, ఆయన "సరే, నేను చెప్తాలే" అంటారు. ఆ మంచితనం ముందు డైరెక్టర్ ఆరు నెలలు కూడా నిలవరు. అందుకని నియామకపు ఉత్తరంలోనే అంకెలతో రాయండి. ఎంత ఖర్చు వరకు డైరెక్టర్ సొంతంగా చేయొచ్చు, ఎవరిని తీసుకోవచ్చు, ఎవరిని తీసేయాలంటే కార్యవర్గాన్ని అడగాలి. మా దగ్గర 25,000 వరకు డైరెక్టర్, లక్ష వరకు డైరెక్టర్‌తో పాటు కోశాధికారి, ఆపైన కార్యవర్గ తీర్మానం అని పెట్టుకున్నాం.

చెక్ పవర్ సంగతి కూడా ఇక్కడే. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం సర్పంచ్‌కి, ఉపసర్పంచ్‌కి కలిపి జాయింట్ చెక్ పవర్ ఇచ్చాక, ఇద్దరికీ పడని ఊళ్లలో బిల్లులు ఎలా ఆగాయో అందరం చూశాం. ఇద్దరి సంతకం మంచిదే, ఆ ఇద్దరే అని కట్టేయకూడదు. నలుగురి పేర్లు బ్యాంకులో ఇచ్చి, వాళ్లలో ఏ ఇద్దరైనా అని పెట్టండి. ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదని కూడా రాయండి.

ఊళ్లో సెంటర్ చేతికి ఎంత?

మా ఫ్యాను గొడవకి మందు చాలా చిన్నది. ప్రతి సెంటర్‌కి నెలకి 3,000 రూపాయలు ముందే ఇచ్చాం, దాంతో పాటు ఒక పొడుగు నోట్‌బుక్. టీచరమ్మ, ఇద్దరు తల్లులు కలిసి ఖర్చు నిర్ణయిస్తారు. బిల్లు ఉంటే గమ్‌తో అంటిస్తారు, లేకపోతే ఎవరికి ఎంత ఇచ్చారో రాసి తల్లి సంతకమో వేలిముద్రో పెడతారు. నెలాఖరుకి సూపర్‌వైజర్ ఫోటో తీసి పంపుతాడు.

మొదటి నెల పుస్తకాలు చూసినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. ఒక సెంటర్లో సుద్దముక్కలు 40, తాళం 120, బాత్రూమ్ గొళ్లెం 35 అని ఉంది. ఆ గొళ్లెం లేక ఎనిమిదో తరగతి ఆడపిల్లలు ఎన్నాళ్లుగా ఇబ్బంది పడ్డారో తర్వాత తెలిసింది. హెడ్డాఫీసుకి రాసిచ్చే ఇండెంట్‌లో ఆ గొళ్లెం ఎప్పుడూ రాలేదు. మగ సూపర్‌వైజర్‌తో చెప్పడానికి టీచరమ్మ మొహమాటపడింది.

అన్నీ కిందికి ఇచ్చేయమని అనను. టీచర్ల నియామకం, పిల్లల భద్రత నియమాలు, దాతలతో ఒప్పందాలు పైనే ఉండాలి. కొనుగోళ్లు, టైమింగులు, సెలవులు, ఊరి పండగ రోజున సెంటర్ ఉండాలా లేదా లాంటివి కిందికి ఇవ్వాలి.

అమెరికా డబ్బు వచ్చే సంస్థలకి

మన సంస్థల్లో చాలావాటికి డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న ఊరివాళ్లే ఆధారం. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పౌరసత్వం మారి ఓసీఐ కార్డు తీసుకున్నవాళ్లు పంపితే విదేశీ విరాళమే, పుట్టింది మన ఊళ్లోనే అయినా సరే. ఎఫ్‌సీఆర్‌ఏ లేకుండా తీసుకుంటే నేరం. కాబట్టి దాతల రిజిస్టర్‌లో పాస్‌పోర్టు ఏ దేశానిదో రాసుకునే ఒక గడి పెట్టండి.

2020 సవరణ తర్వాత మూడు సంగతులు సంస్థ రూపం మీదే ప్రభావం చూపుతాయి. విదేశీ డబ్బు మొదట ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. పరిపాలన ఖర్చు పరిమితి 50 నుంచి 20 శాతానికి తగ్గింది. ఒక సంస్థ తీసుకున్న విదేశీ డబ్బు ఇంకో సంస్థకి ఇవ్వకూడదు. అంటే పెద్ద సంస్థ ఒకటి నిధులు తెచ్చి, మండలానికో చిన్న సంస్థకి పంచే పద్ధతి ఆ డబ్బుతో ఇక కుదరదు. అలాంటి ఆలోచన ఉంటే చిన్న సంస్థల్ని విడిగా రిజిస్టర్ చేయకుండా, ఒకే సంస్థ కింద సెంటర్లుగా ఉంచి అధికారం మాత్రం పంచండి.

మీరెక్కడున్నారు?

కుటుంబం ఇచ్చిన ఆస్తి, ఒకే పని, తరతరాలు ఉండాలనే కోరిక ఉంటే ట్రస్టు. అయితే ట్రస్టీల్లో సగం మంది బయటివాళ్లు, పదవీకాలం ఐదేళ్లు, సవరణ పద్ధతి, ఈ మూడూ డీడ్‌లో రాయించండి. సభ్యులు నిజంగా ఉండి, వాళ్లు వచ్చి అడుగుతారనుకుంటే సొసైటీ. కొత్తగా మొదలుపెడుతున్నారు, రెండు మూడు రాష్ట్రాల్లో పని, ఎక్కువ డబ్బు కంపెనీల నుంచే, ఫారాలకి మనిషి ఉన్నారు అంటే సెక్షన్ 8.

ఇప్పటికే పదేళ్లు నడిచిన సొసైటీనో ట్రస్టో అయితే అందులోనే ఉండండి. నిబంధనలు తిరగరాయండి. మార్చక తప్పని పరిస్థితి నాకు తెలిసి రెండే: డీడ్‌ని సవరించే దారి ఏదీ లేకపోవడం, లేదా సభ్యుల్లో రాజీకి రాని రెండు వర్గాలు పడి పనే ఆగిపోవడం.

మేం సొసైటీలోనే ఉండిపోయాం. పదవీకాలం మూడేళ్లు, వరసగా రెండుసార్లకి మించి కూడదని పెట్టుకున్నాం. డైరెక్టర్ని తీసుకున్నాం. సార్ సలహాదారుగా ఉంటారు, ఓటు ఉండదు. ఆ మాట ఆయనకి చెప్పడానికి ముగ్గురం కలిసి ఆయన ఇంటికి వెళ్లాం. సార్ భార్య కాఫీ ఇచ్చారు. ఆయన బైలాస్ సవరణ కాగితాలు పూర్తిగా చదివి, "నా తర్వాత సరే, నేనుండగానే ఎందుకమ్మా?" అన్నారు. ఆ ఐసీయూ నెలలో టీచరమ్మ ఫోన్‌లో అన్న మాట చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పెన్ను తీసుకుని, పదవీకాలం దగ్గర మేం రాసిన నాలుగేళ్లు కొట్టేసి మూడు అని ఆయనే దిద్దారు.

ఈ పని ఎప్పుడు మొదలుపెట్టాలంటే, మార్చిలో వద్దు, లెక్కల ముగింపు ఉంటుంది. జూన్‌లో వద్దు, బడులు తెరుస్తారు. జూలైలో పాత కార్యవర్గం జాబితాలు, బాకీ పడ్డ దాఖలాలు అన్నీ సరిచేయండి. బైలాస్ సర్టిఫైడ్ కాపీ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి తెచ్చుకుని చదవండి, ఎందుకంటే మీ బీరువాలో ఉన్నది చివరి సవరణ లేని కాపీ కావచ్చు. ఆగస్టులో సభ్యులకి నోటీసు, సెప్టెంబర్‌లో సర్వసభ్య సమావేశం, ఆ వెంటనే రిజిస్ట్రార్ ఆఫీసులో దాఖలు. బ్యాంకులో కొత్త సంతకాల నమూనాలు మారేదాకా పాతవాళ్ల సంతకం చెల్లేలా తీర్మానంలో ఒక వాక్యం తప్పక రాయించండి. మాకు బ్యాంకు స్టాంపు పడేసరికి నవంబర్ 19 అయింది. అప్పటిదాకా రెండు నెలల జీతాల చెక్కుల మీద సార్ సంతకమే ఉంది.